పొట్టకు కుట్టిన చేయి

నా కుడి చేతి వెనక ఉన్న చర్మం చేతిది కాదు, పొట్టది. మొదటిసారి చూసినవాళ్ళు చప్పున చూపు తిప్పుకుంటారు. కొందరు "అయ్యో" అంటారు. ఆ అయ్యో వింటే నాకు ఒళ్ళు మండుతుంది. అయ్యో అనడానికి ఏముంది? చెయ్యి ఉంది. ఐదు వేళ్ళూ ఉన్నాయి. మీద చిన్న దిండు పెట్టినట్టు కొంచెం లావుగా, కొంచెం తెల్లగా ఉంటుంది, అంతే.

పోయిన నెల ఆత్మకూరు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. నా నంబరు వార్డులో నాతో పాటు ఉన్నవాళ్ళెవరో ఇచ్చారట. ఆయన భార్య చెయ్యి మిషన్‌లో పడి తోలు ఊడిపోయిందట, పొట్టకు కుట్టాలన్నారట. ఆమె ససేమిరా అంటోందట. "చెయ్యిని పొట్టకు కుట్టుడేంది, నేనేమన్న బొంతనా అని ఏడుస్తాంది అక్కా. మీరొక్క మాట చెప్పుండ్రి" అన్నాడు. ఒక్క మాటతో అయ్యే పనా అది! గంటసేపు మాట్లాడాను. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే చెప్పాల్సింది ఇంకా సగం మిగిలే ఉంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఆమె కోసం, ఆమెలాంటి వాళ్ళ కోసం. నాకోసం కూడా. ఇందులో నాది ఒక తప్పు ఉంది, మా వాడకట్టులో దాని సంగతి ఎవరికీ తెలియదు.

నా పేరు అండాలు. మాది నల్గొండ దిక్కు, చండూరు పక్కన నేతపని చేసేవాళ్ళ ఊరు. మా ఆయన మగ్గం మీద కూర్చుంటాడు, నేను చిటికి కడతాను. తెలియనివాళ్ళకు చెప్తాను. నూలును చట్రానికి బారుగా సాగదీసి, గీత గీసిన ప్రతిచోటా సైకిల్ ట్యూబు కోసిన సన్న రబ్బరు పట్టీ చుట్టి ముడి బిగిస్తాం. తర్వాత రంగులో ముంచుతాం. ముడి కింద రంగు దిగదు, తెల్లగా మిగులుతుంది. అట్లా మిగిలిన తెలుపే చీర మీద పువ్వు అవుతుంది, చిలుక అవుతుంది. ముడి వదులైతే చిలుక ముక్కు దగ్గర రంగు పారుతుంది, చీర పాడవుతుంది. అందుకని మా ముడి జారదు. ఉడుకుతున్న రంగులో నానినా జారదు. దాన్ని ఎవరూ విప్పరు, పని అయిపోయాక బ్లేడుతో కోస్తారు. పన్నెండో ఏట నుంచి నేను వేస్తున్న ముడి అది.

రాష్ట్రం వచ్చిన నాలుగో ఏడు, వానలు మొదలయ్యే కాలం. చట్రం సర్దుతుంటే ఒక వెదురు పేడు కుడి చేతి వెనక గుచ్చుకుంది. పీకి పారేశాను. మర్నాటికి అక్కడ పొక్కు లేచింది.

మా అత్తమ్మ చూసి, "అండాలూ, గా చెయ్యి రంగుల ముంచకు. జర రెండు రోజులు ఆగు" అంది.

మా అత్తమ్మ పేరు నర్సమ్మ. ఆమె ఏం చెప్తే దానికి అడ్డం తిరగడం పద్నాలుగేళ్ళుగా నాకు అలవాటు. ఆమె కూడా తక్కువేం కాదు, నేను పెట్టిన పప్పులో ఉప్పు ఏనాడూ సరిపోయింది లేదు. "రెండు రోజులు ఆగితే నీ కొడుకు గాలి నేస్తడా?" అన్నాను. చేతికి పాలిథిన్ కవరు కట్టుకుని రంగు ముంచాను. మూడో రోజూ ముంచాను. నాలుగో రోజు పొద్దున చెయ్యి మోచేయి దాకా ఉబ్బిపోయింది, జ్వరంతో పళ్ళు టకటకమంటున్నాయి, పొక్కు చుట్టూ చర్మం నల్లబడింది. ఇది చదివే మా నేతపనివాళ్ళకు చేతులెత్తి చెప్తున్నాను. పేడు గుచ్చుకుంటే సూది వేయించుకోండి, పుండు ఉంటే రంగు ముట్టకండి. చీర ఎక్కడికీ పోదు.

మా ఆయన బండి మీద నల్గొండకు తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు చెయ్యి చూసి, నన్ను కుర్చీలో కూర్చోమని కూడా అనకుండా పట్నం పెద్ద దవాఖానకు రాసిచ్చాడు. ఆ సాయంత్రమే చచ్చిన చర్మం కోసేశారు. రెండు రోజుల తర్వాత మళ్ళీ కోశారు. ఆరో రోజు కట్టు మారుస్తుంటే సిస్టర్ "అటు చూడమ్మా" అని నా ముఖం గోడవైపు తిప్పింది. నేనెందుకు తిరుగుతాను, నా చెయ్యి నేను చూడొద్దా! చూశాను. వేళ్ళను కదిలించే తెల్లటి తాళ్ళు బయటికి కనిపిస్తున్నాయి. వాటి పక్కన ఎముక. చూపుడు వేలు కదపమని మనసులో అనుకుంటే ఒక తాడు జరిగింది. ఇంకా జరుగుతోంది కదా అనిపించింది.

నన్ను చూసే డాక్టర్ సార్ వయసులో చిన్నవాడు, సొంతూరు కొత్తకోట. ఆయన మా మాటే మాట్లాడేవాడు, దానివల్ల సగం భయం పోయేది. ఆయన మమ్మల్ని పిలిచి రెండు దార్లున్నాయన్నాడు. ఒకటి, మణికట్టు దాకా తీసేయడం, వారంలో ఇంటికి పోవచ్చు. రెండోది, పొట్టకు కుట్టడం. మూడు నాలుగు వారాలు పడుతుంది, నిలుస్తుందని ఆయన మాట ఇవ్వలేడు.

బయట బల్ల మీద కూర్చున్నాం. మా బావ, అంటే మా ఆయన అన్న, చూడటానికి వచ్చి ఉన్నాడు. ఆయన గొంతు సవరించుకుని, "తీపిచ్చుడే మంచిది. ఒక్క చెయ్యి లేకపోతే మనిషి బతుకడా?" అన్నాడు.

"బావా, నీ రెండు చేతులు నీకున్నయి. నా చెయ్యి గురించి నువ్వు మాట్లాడకు" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. చూడనీ.

మా ఆయన నేల వైపు చూస్తున్నాడు. "నువ్వేమంటవు?" అని గట్టిగా అడిగాను.

"నీ చెయ్యి. నువ్వు చెప్పు" అన్నాడు.

ఆ నిమిషంలో నాకు చచ్చేంత కోపం వచ్చింది. మొగుడన్నవాడు ఒక మాట చెప్పకూడదా అని. ఇప్పుడు ఆలోచిస్తే ఆ రోజు ఆ వరండాలో తెలివైన మాట అన్నది ఆయన ఒక్కడే.

లోపలికి పోయి సార్‌ను అడిగాను. "తొడ తోలు తీసి అంటిస్తరంట గదా సార్. గట్ల చెయ్యరాదు?"

"గట్ల అంటించిన తోలు కింద నుంచి రక్తం గుంజుకుని బతుకుతదమ్మా. నీకు కింద తాళ్ళు, ఎముక ఉన్నయి. అవి ఏమియ్యలేవు. ఎండిపోతది."

"మరి పొట్టకు కుడితే?"

ఆయన కాగితం మీద బొమ్మ గీశాడు. పొట్ట కింద పక్కన తోలును, కొవ్వుతో సహా, మూడు వైపులా కోసి లేపుతారు. నాలుగో వైపు అట్లాగే ఉంచుతారు. ఆ కాడలో నుంచి పొట్ట రక్తం వస్తూ ఉంటుంది. లేపిన తోలును చేతి మీద కప్పి కుడతారు. అంటే చెయ్యి పొట్ట దగ్గరే ఉండిపోతుంది. ఈలోగా చేతి అంచుల నుంచి సన్నని రక్తనాళాలు మొలిచి ఆ తోలులోకి పోవాలి. పోయాక కాడ కోసేస్తారు.

"ఎవరు మొలిపిస్తరు సార్? మందిస్తరా?"

"మందు లేదు. రక్తంల వచ్చే గాలి అందని కండ ఉన్నదనుకో, అది పిలుస్తది. దగ్గర్ల ఉన్న రక్తనాళం గోడకెళ్ళి ఒక కణం ముందుకు జరుగుతది. దాని ఎనక ఇంకోటి. వరుస కడతయి, లోపల బోలు అయితది. అవతలి దిక్కుకెళ్ళి వచ్చేదానితోటి కలుస్తది. కలిసినంక రక్తం పారుతది. కడుపుల పిల్లకు గట్లనే అయితది, గాయం మానేటప్పుడు గట్లనే అయితది."

"కలువకపోతే?"

"తోలు నల్లబడుతది. అప్పుడు చెయ్యి తీసుడే."

ఉన్నది ఉన్నట్టు చెప్పాడు, దాచలేదు. కుట్టమన్నాను. కాగితం ముందు పెట్టారు. పదో తరగతి పాసైనదాన్ని, ఎడమ చేతి బొటనవేలికి సిరా పూసుకుని ముద్ర వేశాను. అన్ని రోజుల్లోకీ దానికే ఎక్కువ ఏడ్చాను.

కళ్ళు తెరిచేసరికి కుడి చెయ్యి నాతోనే ఉంది, నా దగ్గర లేదు. పొత్తికడుపు పక్కన కట్టు కింద ఉండిపోయింది, నడుం చుట్టూ పట్టీలు తిప్పి కదలకుండా బంధించారు. పక్కకు తిరగలేను, లేచి కూర్చోవాలంటే ఇద్దరు పట్టుకోవాలి. భుజం లాగుతుంది. దగ్గు వస్తే ప్రాణం పోయినంత పని. నైటీ ఒక వైపు నిలువునా కోసి తాళ్ళు కుట్టించారు. మరుగుదొడ్డికి పోవడం ఎట్లా అయ్యేదో రాయను, కానీ ఆ పనంతా మా అత్తమ్మే చేసింది. మొదటి రోజు సిగ్గుతో ముఖం గోడవైపు తిప్పుకున్నాను.

"ఏందే, ముఖం అటు తిప్పినవ్? నా కొడుకును కడగలేదా నేను?" అంది.

"నేను నీ కొడుకునా?"

"కొడుకే నయం. గింత నోరు లేదు."

పక్క మంచం మీద రజియా ఉండేది. షాద్‌నగర్ దగ్గర ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మాయి, ఆమెకు పాదం మీద తోలు పోయి వేరే ఆపరేషన్ అయింది. ఆమె తల్లి రోజూ మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలో అన్నం, మాంసం వేసిన పప్పు దాల్చా తెచ్చేది. నాకూ ఒక గిన్నె పెట్టేది. "తిను బిడ్డా, రక్తం పట్టాలె. ఫికర్ చెయ్యకు" అనేది. మాంసం ముట్టని మా అత్తమ్మ మొదట్లో ఆ గిన్నెను దూరం నుంచి జరిపేది. వారం తర్వాత ఆ తల్లీ మా అత్తమ్మా మంచాల మధ్య నేల మీద కూర్చుని, కోడళ్ళ మీద చాడీలు చెప్పుకోవడం మొదలుపెట్టారు. నేను వింటున్నానని తెలిసే చెప్పుకునేవారు.

ప్రతి పొద్దున సార్ వచ్చి కట్టు పక్కకు జరిపి ఆ తోలును వేలితో నొక్కేవాడు. నొక్కితే తెల్లబడాలి, వదిలితే ఒకటి రెండు అనేలోపు గులాబీ రంగు తిరిగి రావాలి. వస్తే బతికి ఉన్నట్టు. ఆయన వేలు తీసిన క్షణం నుంచి నేను ఊపిరి బిగబట్టి లెక్కపెట్టేదాన్ని. ఒకటి. రెండు. రంగు వచ్చేది. కానీ అది పొట్ట రక్తం. చెయ్యి తన వంతు ఏమన్నా చేస్తోందా, పడుకుందా, ఎవరికీ తెలియదు. అదే నన్ను తినేసింది. రాత్రీ పగలూ ఒకటే ఆలోచన. అక్కడ కట్టు కింద, చీకట్లో, ఆ కణాలేవో ముందుకు జరుగుతున్నాయా? నేను ఏం చేస్తే జరుగుతాయి? చేసేది ఏమీ లేదట, తిని పడుకోవాలట. పుట్టి బుద్ధెరిగాక చేతులు ఊరికే పెట్టుకుని కూర్చోని మనిషికి ఇది ఎంత నరకమో చెప్పలేను.

కుట్టిన పదిహేనో రోజు సార్ ఒక సన్నని రబ్బరు గొట్టం తెచ్చాడు. దాన్ని కాడ చుట్టూ తిప్పి మెల్లగా బిగించి, పావుగంట ఉంచి వదిలేశాడు. "రోజుకు మూడుసార్లు గిట్ల కట్టాలె. పొట్ట రక్తం జరసేపు ఆపితే తోలుకు గాలి తక్కువైతది. అప్పుడది చేతి దిక్కు గట్టిగ పిలుస్తది. పావుగంటనే. నీలం తిరిగితే అప్పుడే ఇడిచిపెట్టాలె. రోజురోజుకు పెంచేది నేను చెప్త" అన్నాడు. ముడి వేయొద్దని, ఒక్క మడత పెట్టి పట్టుకోమని మా అత్తమ్మకు చేసి చూపించాడు.

అత్తమ్మ రెండు రోజులు చేసింది. గోడ గడియారం వైపే చూస్తూ, గొట్టం కొసలు రెండు వేళ్ళతో పట్టుకుని కూర్చునేది. పావుగంట కాగానే వదిలేది.

నాకు ఒకటే చిరాకు. రబ్బరు పట్టీ చుట్టి బిగించడం ఈమె నాకు చెప్పేదా! ఇంత మెత్తగా పట్టుకుంటే రక్తం ఎక్కడ ఆగుతుంది? మా పనిలో ముడి ఎంత బిగిస్తే తెలుపు అంత తేటగా తేలుతుంది. సగం సగం బిగిస్తే అటూ కాదు ఇటూ కాదు. తోలుకు ఆకలి పెడితేనే నాళాలు మొలుస్తాయంటే, పావుగంట ఆకలికి ఏం మొలుస్తాయి? గంట పెడితే తొందరగా మొలవవా? నా తల తిక్క ఇట్లా లెక్క వేసింది.

పద్దెనిమిదో రోజు మధ్యాహ్నం అత్తమ్మ నీళ్ళ సీసాలు నింపుకోవడానికి కిందికి పోయింది. రజియా కట్టు మార్పించుకోవడానికి వెళ్ళింది. గొట్టం దిండు పక్కనే ఉంది. ఎడమ చేత్తో కాడ చుట్టూ రెండు చుట్లు తిప్పాను. ఒక కొస పళ్ళతో పట్టుకోవాలని వంగితే పొట్టలో కత్తి దిగినట్టయింది. అయినా వంగాను. ముడి వేశాను. ఎడమ చేత్తో, పళ్ళతో, పడుకుని కూడా వేయగలిగానని ఒక పిచ్చి గర్వం. నడుం మీదికి దుప్పటి లాక్కున్నాను. అత్తమ్మ వచ్చి, నేను నిద్రపోతున్నాననుకుని పక్కన కూర్చుంది. నేను నిజంగానే నిద్రపోయాను.

తిరిగొచ్చిన రజియా అరుపుతో లేచాను. "అక్కా! చెయ్యి చూడు! చెయ్యి!" దుప్పటి పక్కకు జారింది. తోలు నీలం దాటి వంకాయ రంగుకు తిరిగింది. నొక్కాను. తెల్లబడలేదు. రంగు మారనే లేదు. ఎడమ చేత్తో ముడి పట్టి లాగాను. రాదు. ఎందుకొస్తుంది? రాకుండా ఉండటానికే కదా వేసేది! గోళ్ళతో గీకాను, వేలు దూరదు. రజియా కుంటుకుంటూ సిస్టర్ కోసం పోయింది.

"జరుగు" అంది అత్తమ్మ. నా చెయ్యి కొట్టి పక్కకు నెట్టింది. ముడిని చూడగానే ఆమెకు తెలిసిపోయింది ఎవరు వేశారో. మా ఇంట్లో ఆ ముడి ఆమెకూ నాకూ తప్ప ఎవరికీ రాదు. బ్లేడు లేదు, ఉన్నా ఆ మెత్తటి కాడ దగ్గర బ్లేడు పెట్టే ధైర్యం ఎవరికుంది? ఆమె మంచం మీద మోకాళ్ళూని వంగి, నా పొత్తికడుపు మీద ముఖం పెట్టి, రబ్బరును పళ్ళతో పట్టుకుంది. కొరికింది. ఆమె ఊపిరి వేడిగా తగులుతోంది. తమలపాకు వాసన. నేను పైకప్పు చూస్తూ "అమ్మా, అమ్మా" అంటున్నాను, మా అమ్మనో ఆమెనో నాకే తెలియదు. టప్పున తెగింది.

వంకాయ రంగు మెల్లగా ఎరుపైంది, ఎరుపు గులాబీ అయింది. ఒక్క అంచున మాత్రం, బొటనవేలంత మేర, మారలేదు.

సార్ పరుగున వచ్చాడు. చూశాడు. ఆయన ముఖం ఎర్రబడింది. "ఎవరు కట్టిండ్రు? గొంతు పిసికి ఊపిరి నేర్పుతరా ఎవరన్న? ఇంకో పావుగంట అయితే మొత్తం పోయేది!"

నేను నోరు తెరిచేలోపు అత్తమ్మ, "నేనే సార్. ముసల్దాన్ని, మరిచిపోయిన" అంది.

ఆయన ఆమెను తిట్టాడు. వార్డు అంతా వినేట్టు తిట్టాడు. ఆమె చేతులు కట్టుకుని, తల వంచుకుని నిలబడింది. పద్నాలుగేళ్ళలో ఆమె తల వంచగా నేను చూడలేదు. నేను ఏమన్నాను? ఏమీ అనలేదు. ఊరందరితో జంకు లేకుండా మాట్లాడే నేను, బావ నోరు మూయించిన నేను, నోరు మూసుకుని పడుకున్నాను. ఆ చెయ్యి పోతే నావల్లే పోయిందంటారని భయం. అదీ నా తప్పు. ముడి వేయడం తెలివి తక్కువ, అది ఎవరైనా చేయొచ్చు. నోరు మూసుకోవడం మాత్రం పిరికితనం.

సార్ వెళ్ళాక అడిగాను, "ఎందుకట్ల చెప్పినవ్?"

"నిన్ను తిడితే నువ్వు ఎదురు తిరుగుతవు. ఆయనకు కోపమొస్తే నీ చెయ్యి ఎవరు చూస్తరు?" అంది. తర్వాత కొంగులో దాచిన రబ్బరు ముక్క తీసి చూసుకుని, "ముడి మంచిగనే ఏసినవ్" అంది.

ఆ రాత్రంతా నిద్ర లేదు. మర్నాడు సార్ రాగానే, ఆయన కూర్చోకముందే చెప్పేశాను. "ముడి మా అత్తమ్మ వెయ్యలేదు సార్, నేను వేసిన. ఆమె పండ్లతోటి కొరికి తీసింది. తిట్టేదుంటే నన్ను తిట్టుండ్రి." ఆయన తిట్టలేదు. అత్తమ్మ వైపు తిరిగి, "మాఫ్ చెయ్యవ్వా" అన్నాడు. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. నేను చెప్పినందుకు ఆమెకు నా మీద కోపమే వచ్చింది, సాయంత్రం దాకా మాట్లాడలేదు.

ఆ బొటనవేలంత అంచు నల్లబడింది. దాన్ని కోసేశారు. కాడ కోయడం వారం వాయిదా పడింది. మిగిలింది నిలుస్తుందో లేదో చెప్పలేమన్నారు. బావ ఫోన్ చేసి మా ఆయనతో, "నేను ముందే చెప్పిన" అన్నాడట. మా ఆయన మాట్లాడకుండా ఫోన్ పెట్టేశాడట. ఆ సంగతి విని నాకు కొంచెం ప్రాణం లేచి వచ్చింది. ఆ వారం ఆయన మగ్గం ఆపి వచ్చి నా దగ్గరే ఉన్నాడు. నా జుట్టు దువ్వడం నేర్చుకున్నాడు. పాపిట వంకర తీసేవాడు, నేను తిట్టేదాన్ని, మళ్ళీ తీసేవాడు.

అత్తమ్మ మళ్ళీ గొట్టం పట్టుకుంది. పావుగంట, అరగంట, గంట. ఈసారి ఇద్దరం గడియారం చూసేవాళ్ళం. ఇరవై ఆరో రోజు సార్ చెప్పినట్టు రెండు గంటలు పట్టుకుంది. పొట్ట రక్తం పూర్తిగా ఆగింది. తోలు రంగు మారలేదు. అత్తమ్మ వేలు పెట్టి నొక్కింది. ఒకటి. రెండు. గులాబీ రంగు వచ్చింది. ఆ రక్తం పొట్టది కాదు. చేతి వైపు నుంచి వచ్చింది.

"వచ్చిందే!" అని అత్తమ్మ అరిచింది. రజియా తల్లి నేల మీద నుంచి లేచి, రెండు చేతులతో నా బుగ్గలు పట్టుకుంది. నేను గట్టిగా, సిగ్గు లేకుండా ఏడ్చాను. ఇరవై ఎనిమిదో రోజు కాడ కోసేశారు. నెల తర్వాత మొదటిసారి చెయ్యి పొట్ట నుంచి లేచింది, మోచేయి చాచితే కట్టెలా విరిగిపోతుందేమో అనిపించింది. మూడు రోజులు అంచులు నీలంగా మారుతూ తేరుకుంటూ మమ్మల్ని చంపాయి. నాలుగో రోజు సార్, "ఇంక పోదు, ఇది నీదే" అన్నాడు.

ఇంటికి వచ్చాక కథ అయిపోయిందనుకున్నాను. కాలేదు. వేళ్ళు బిగుసుకుపోయాయి, పిడికిలి సగమే మూసుకునేది. రబ్బరు బంతి నొక్కమన్నారు. బంతితో నాకేం పని, చట్రం ముందు కూర్చున్నాను. మొదటి రోజు తొమ్మిది ముడులు వేయడానికి పూట పట్టింది. రంగులో ముంచాక వాటిలో ఆరు పారాయి. అత్తమ్మ పారిన నూలు పక్కకు పెట్టి, "రేపు ఐదే పారుతయి తీయ్" అంది. ఆమె అన్నట్టు ఐదు కాలేదు, ఏడు పారాయి. అట్లా ఎనిమిది నెలలు పట్టింది. ఇప్పుడు నేను కట్టిన చీర అమ్ముడుపోతుంది. మునుపటి అంత వేగం లేదు, రాదు కూడా. పెళ్ళిళ్ళకు పోతే "కొంగు కప్పుకో అండాలూ, పిల్లలు భయపడతరు" అనేవాళ్ళున్నారు. కప్పుకోను. పిల్లలు భయపడరు, ముట్టుకుని చూస్తారు. పెద్దవాళ్ళదే ఆ రోగం. కొవ్వు తీసి పల్చగా చేస్తాం, రమ్మని సార్ అన్నాడు. నేను పోలేదు. నేను లావైతే అది కూడా లావవుతుంది, పొట్ట బుద్ధి పోలేదు దానికి. ఉండనీ.

ఒక్క సంగతి మిగిలింది. ఆ తోలుకు స్పర్శ లేదు. చీమ పాకినా తెలియదు. రక్తం పారుతోందని సార్ చెప్పాడు, నొక్కితే రంగు వస్తుంది, అన్నీ నిజమే. అయినా ఎవరిదో వస్తువు నా చేతి మీద పెట్టుకుని తిరుగుతున్నట్టు చాలా రోజులు ఉండేది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, చెయ్యి మిగిలింది కదా, ఇంకేం కావాలి అంటారని.

మొన్న ఎండాకాలం, ఒక మధ్యాహ్నం అత్తమ్మా నేనూ రంగు ఆరిన నూలు ముందు వేసుకుని ముడులు కోస్తున్నాం. నా బ్లేడు ఎప్పుడు జారిందో నాకు తెలియదు. నొప్పి లేదు. నూలు మీద ఎర్రటి చుక్క పడితే చూశాను. చేతి వెనక, ఆ లావు తోలు మధ్యలో, సన్నగా తెగి ఉంది. రక్తం ఉబికి వస్తోంది.

"ఓ పిల్లా, తెగింది! నూలు ఖరాబైతాంది, చెయ్యి పక్కకు జరుపు!" అత్తమ్మ గుడ్డ ముక్క తీసుకుని లేచింది.

"ఆగు అత్తమ్మా."

"ఏమాగాలె? గుడ్డ ఒత్తనీ!"

"జర చూడనీ. నా రక్తం."

ఎర్రగా, చిక్కగా ఉంది. నా గుండె కొట్టుకుంటున్నప్పుడల్లా కొంచెం కొంచెం వస్తోంది. అత్తమ్మ నూలును కాలితో పక్కకు జరిపి, గుడ్డ చేతిలోనే పట్టుకుని నా పక్కన కూర్చుంది. అది తనంతట తాను ఆగేదాకా ఇద్దరం చూస్తూ కూర్చున్నాం.